నాన్న ఫొటో కింది పేరు

గోదావరిఖనిలో మా గని ఆఫీసు ప్రతి నెలాఖరుకూ రిటైరయ్యే కార్మికులకు సన్మానం చేస్తుంది. తెర మీద ఒక్కొక్కరి ఫొటో, కింద పేరు వస్తాయి. ఫొటో ఫైలుకు పెట్టిన పేరునే కింద చూపించే ప్రోగ్రాం నేనే రాశాను. పేరు వెనక డాట్ జేపీజీ అనే తోక కనబడకూడదని, చుక్క రాగానే మిగతాదంతా కోసేయమన్నాను.

మా దగ్గర ఇంటిపేరు మొదటి అక్షరం, దాని పక్కన చుక్క లేకుండా ఎవరి పేరూ రాయరు. ఆ చుక్క దగ్గరే కోత పడింది. పోయిన నెల అంత పెద్దమనుషుల ఫొటోల కింద ఒక్కో అక్షరమే మిగిలింది. జనం నవ్వారు. సారు ఆ పని నా దగ్గర తీసేసి, కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు.

ఈ నెల రిటైరయ్యేది మా నాన్న.

ఆ అమ్మాయంటే నాకు ముందునుంచీ కడుపుమంటే. వాళ్ల నాన్న జబ్బుపడి గనిలోకి దిగలేడని తేలితే ఆయన ఉద్యోగం ఆమెకొచ్చింది, పర్మినెంటు. మా నాన్న చివరి షిఫ్టు దాకా గట్టిగా ఉన్నాడు కాబట్టి నేను కాంట్రాక్టులోనే ఉండిపోయాను. కన్నతండ్రి ఆరోగ్యం చూసి కూడా ఏడ్చే దాకా వచ్చాను.

“అక్కా, జర జూడు. గిట్ల రాస్తె సరిపోతదా?” అని ఆమే నన్ను పిలిచింది.

చూశాను. చివరి చుక్క ఎక్కడుందో వెతికి, అక్కణ్ణుంచి మాత్రమే తీసేసింది. ఒక్క లైను. రెండు చుక్కలున్న పేర్లు పెట్టి చూశాను, వేరే తోక ఉన్న ఫైలు పెట్టి చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరికితే ఎంత హాయిగా ఉండేదో.

“సరిపోతది” అన్నాను.

సన్మానం రోజు నాన్న ఫొటో వచ్చింది, కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ఆయన శాలువా సర్దుకుంటూ నా వైపు వంగాడు.

“ఇది నువ్వే చేసినవా బిడ్డా?”

“నేను గాదు బాపూ. గామె చేసింది.”

నాన్న ఆమెను పిలిచి తల మీద చెయ్యి పెట్టాడు. “మంచిగ పెట్టినవ్ బిడ్డా, సల్లగుండు” అన్నాడు. ఆ చెయ్యి అలాగే ఉంచి నాతో, “ఒక ఫొటో తియ్యి” అన్నాడు. తీశాను.

ఆ ఫొటో నా ఫోనులో ఉంది. ఆమెను కోసేసి నాన్నను ఒక్కడినే ఉంచుకుందామని చాలాసార్లు తెరిచాను. ఎక్కడ కోసినా నాన్న చెయ్యి తెగిపోతోంది.