దొరకు దొరికిన ఇల్లు

హోసూరులో మా అబ్బాయి ఇంటి వెనక ఒక కోతమిల్లు ఉంది. అక్కడ నల్లతుమ్మ మొద్దు కోసిన రోజు ఆ పచ్చిచెక్క వగరు వాసన వంటింటి కిటికీలోంచి వస్తుంది. నేను చేతిలో పని వదిలేసి కాసేపు ఊరికే నిలబడిపోతాను. మా నాన్న ఒంటిమీద ఎప్పుడూ ఉండే వాసన అది.

నాన్న బండిచక్రాలు చేసే వడ్రంగి. యాభైల చివరలో, హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే పెద్దరోడ్డు పక్కనే నాన్న పనిచేసే కొట్టం, దాని వెనక మా ఇల్లు. చలికాలం పొద్దున మంచులో ఎద్దుల మెడగంటలు ముందు వినిపించి, బండ్లు తర్వాత కనిపించేవి. అమ్మ అనపగింజలు రాత్రే నానబెట్టి, తోలు పితికి, పప్పు పులుసు కాస్తే, రాగిసంగటి ముద్ద వేడికి వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ, జుర్రుకుంటూ తినేవాళ్ళం.

అలాంటి ఒక పొద్దున అంచెట్టి కొండల వైపు మందను తోలుకుపోతున్న గొర్రెలవాళ్ళ వెంట వచ్చిన తెల్లటి కుక్కపిల్ల ఒకటి రోడ్డు నడుమ కూర్చుండిపోయింది. వాళ్ళు ఈల వేశారు, కేకలు పెట్టారు. అది తల కూడా తిప్పలేదు.

“చెవుడుది, మందకు పనికిరాదు, ఆణ్నే ఉండనీ” అని వాళ్ళలో పెద్దాయన ముందుకు సాగిపోయాడు.

అంతలో ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. కొట్టం ముందు అనపకాయలు ఒలుస్తున్న అమ్మ చేతిలోని చేట పారేసి, పరిగెత్తి, దాన్ని పొట్టకు కరుచుకుని ఇవతలికి వచ్చింది. అనపకాయలన్నీ రోడ్డు పాలయ్యాయి. ఎంత పిలిచినా పలకని ఆ పిల్లను చూసి నాన్న, “వీడెవడో పెద్ద దొర మాదిరుండాడే!” అని నవ్వాడు. ఆ పేరే నిలిచింది.

నాన్న మొద్దు మీద బాడిశతో కొట్టినప్పుడల్లా దొర నిద్రలోంచి తల ఎత్తేవాడు. నేల అదిరితే వాడికి తెలుస్తుందని అలా కనిపెట్టాను. మట్టినేల మీద కాలు గట్టిగా తాటిస్తే చాలు, తోక ఊపుకుంటూ నా దగ్గరికి వచ్చేసేవాడు. కానీ రోడ్డు పక్క నేల పొద్దస్తమానం అదురుతూనే ఉండేది. లారీ వచ్చిందీ పోయిందీ వాడికి తేడా తెలిసేది కాదు. వెచ్చగా ఉంటుందని తారు మీదే పడుకునేవాడు. కట్టేస్తే దినమంతా ఏడ్చేవాడు. ఒకసారి లారీ చక్రం వాడి తోకను రాసుకుంటూ పోయింది. ఆ మధ్యాహ్నం నాన్న అన్నం ముట్టలేదు.

“రోడ్డు లేని ఇల్లు చూడాల వీడికి” అన్నాడు. నేను ఏడ్చాను. ఏడ్చినా ఆ మాట నిజమని నాకూ తెలుసు.

కావేరిపట్టణంలో పెదనాన్న వాళ్ళు తీసుకున్నట్టే తీసుకుని, ఇంట్లోకి ఎవరొచ్చినా మొరగడం లేదని తిప్పి పంపించారు. ఆ తర్వాత వేప్పనపల్లి నుంచి బండిచక్రం బాగుచేయించుకోవడానికి చిన్నప్పతాత వచ్చాడు. చక్రం బాగయ్యేదాకా దొర ఆయన ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు.

“మా మామిడితోపు కాడికి రోడ్డే లేదు ఆచారీ. మా ఆడది ఒప్పుకుంటే నాకిచ్చెయ్యి” అన్నాడు తాత.

ఆయన బండిలోనే నాన్న, నేను, దొర కలిసి పోయాం. మామిడిపూత వాసన ఊరి బయటి నుంచే మొదలైంది. తోపు నడుమ గడ్డికప్పు ఇల్లు. తాత భార్య మునెమ్మవ్వ దొరను చూసి ముఖం తిప్పుకుంది.

“పోయిన ఏడు నా కుక్కను చిరుత ఎత్తుకపోయిందప్పా. ఈ చెవిటోడికి అది వచ్చేది యాడ తెలస్తుంది? మళ్ళా ఏడ్సేది నా చేత కాదు.”

అవ్వ పోయి రోట్లో కొర్రలు దంచసాగింది. దొర మెల్లగా లేచి రోలు పక్కకు చేరి, గడ్డం నేలకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అవ్వ రోకలి ఆపింది. వాడు తల ఎత్తి ఆమెను చూశాడు. మళ్ళీ దంచింది. వాడు మళ్ళీ పడుకున్నాడు. రెండుమూడుసార్లు అలా చేసి చూసి, అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

“రాత్రిళ్ళు లోపలే, నా మంచం కింద పండుకోనీ. తలుపేసుకుంటా. చిరుత యాడొస్తుందో చూస్తా” అంది. కుక్కను గడప దాటనివ్వని కాలం అది.

మేం బయలుదేరేటప్పటికి దొర గాఢనిద్రలో ఉన్నాడు. కాలు తాటిస్తే లేస్తాడు, నా వెంట వస్తాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద ఆ వాకిలి దాటాను. ఆ నడక ఇప్పటికీ నా కాళ్ళలో ఉంది.

ప్రతి ఎండాకాలం పోయేవాళ్ళం. అవ్వ మామిడిపండు రసం పిండి సంగటిలో కలిపి పెట్టేది, నాకొక ముద్ద, దొరకొక ముద్ద. మొదట్లో నన్ను చూసి ఎగిరి గంతులేసేవాడు. పోనుపోను ఒకసారి వాసన చూసి, చెయ్యి నాకి, తిరిగి అవ్వ వెనకాలే పోయేవాడు. అది చూసి నాకు తృప్తిగానే ఉండేది. చిరుత మళ్ళీ రాలేదు. దొర ముసలివాడై, ఆ మంచం కిందే కన్నుమూశాడని అరవైల చివరలో తాత వచ్చి చెప్పాడు. వాడిని తోపులోనే పూడ్చారట.

ఇప్పుడు ఆ తోపు లేదు, రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. మా కొట్టం ఉన్న చోటు మీదుగా ఫ్లైఓవర్ పోతోంది. చక్రాలు చేయించుకునేవాళ్ళూ లేరు, చేసేవాళ్ళూ లేరు. అమ్మ, నాన్న, అవ్వ అన్న మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా నాకు గుర్తున్నాయి. వాళ్ళ గొంతులే, ఎంత తలుచుకున్నా చెవికి రావడం లేదు.