సర్క్యూట్ ఉండాల్సిన చోట జీడిపండు

మొన్న బుధవారం టెక్కలిలో నా పరువు పోయిందర్రా! నేను బస్సు దిగేసరికి ఆ కబురు పలాస చేరిపోయింది కూడాను. ఇంకెవరో చెప్తే మసాలా దట్టిస్తారు, నేనే చెప్తాను వినండి.

టెక్కలి ఇంజనీరింగ్ కాలేజీలో నాది ప్రొబేషన్ మీదున్న లెక్చరర్ ఉద్యోగమని మీకు తెలుసు కదా. నెలాఖరుకి మా డిపార్టుమెంటు పెద్ద, హెచ్చోడీ గారు సంతకం పెడితే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. మరి ఆయన కళ్లలో పడాలా వద్దా? అందరూ క్వశ్చన్ పేపర్లో సర్క్యూట్ బొమ్మ చేత్తో గీసి అంటిస్తారు. నేనేమో, "సార్, మిడ్ ఎగ్జామ్ పేపరు నేను లేటెక్స్‌లో చేస్తాను. బొమ్మ కూడా కంప్యూటరే గీస్తుంది" అనేశాను. ఎవరడిగారేటి నన్ను?

లేటెక్స్ అంటే పేపర్లు, పుస్తకాలు అచ్చుకి తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాం. అందులో మౌసుతో గియ్యడం ఉండదు. ఈ పాయింటు నుంచి ఆ పాయింటుకి రెసిస్టరు, అక్కణ్ణుంచి ఇంకో పాయింటుకి కెపాసిటరు అని అంకెలేసి రాసుకోవాలి. పది రోజులు రాశాను! ఒక్క బ్రాకెట్ మర్చిపోతే బోలెడన్ని ఎర్రర్లు. ఎలాగో బొమ్మొచ్చింది, మురిసిపోయాను. ఆఖర్న ప్రింటుకి పీడీఎఫ్ కావాలని షార్ట్‌కట్‌లో నేరుగా తీశాను. ఏవో వార్నింగులు గబగబా పోయాయి. వార్నింగే కదా, ఎర్రర్ కాదు కదా అనుకుని, ఫైలు తెరిచి చూడకుండానే ఫ్లాపీలో వేసుకుని బస్సెక్కేశాను. ఆ దారిలో తీస్తే బొమ్మ రాదట! దాని చోటు ఖాళీగా ఉండిపోయి, బొమ్మలోని అక్షరాలన్నీ ఓ మూల కుప్పపడతాయట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

కాశీబుగ్గలో మా అప్పారావు మావకి ప్రెస్సుంది. పెళ్లికార్డులు, చర్చి కరపత్రాలు, జీడిపప్పు డబ్బాల లేబుళ్లు, అన్నీ అక్కడే.

"అల్లుడూ, ఓపాలి ప్రూపు సూసుకో" అన్నాడు.

"మావా, ఇది క్వశ్చన్ పేపరు. కాన్ఫిడెన్షియల్! నువ్వు కూడా చదవకూడదు. ప్రింటు తీసి కవరుకి సీలేసెయ్" అన్నాను గొప్పగా.

"నాను సదివితే మాత్తరం నాకర్దమౌద్దేటి!" అన్నాడు.

బుధవారం పొద్దున్న పిల్లల ఎదురుగానే సీలు విప్పి పేపర్లు పంచాను. రెండు నిమిషాలయ్యాక ముందు బెంచీలో మేరీ అనే అమ్మాయి లేచింది.

"సార్, ఈ పండేటి సార్?"

"పండేటమ్మా?"

తీసుకుని చూశాను. 'కింది సర్క్యూట్‌లో కరెంటు కనుక్కోండి' అనుంది. కింద, పిక్కతో సహా, నిగనిగలాడే జీడిపండు! రెండో ప్రశ్న కింద రెండు పళ్లు! నాకొక్క ముక్క అర్థం కాలేదు. నేను రాసిందాంట్లో పండెక్కడుంది? ఏ కమాండుకి పండొస్తుంది? చెప్పండి!

వరండాలోకెళ్లి మావకి ఫోన్ చేశాను. "మావా, పళ్లేటి మావా?"

"ఓ, అదా! కాళీ ఎక్కువుండిపోనాది అల్లుడూ. మూల్న మసి కూడాను. కాళీ వదిలెస్తే కస్టమరు ఊరుకోడు కదా, లేబులు ముక్క కత్తిరించి అంటించీసేను. బాగొచ్చిందా?"

బాగొచ్చిందట! ఫోన్ పెట్టేసి క్లాసులోకొచ్చాను.

సరే, విలువలు ప్రశ్నలోనే ఉన్నాయి, బొమ్మ బోర్డు మీద వేసేద్దామని చాక్‌పీసు పట్టుకున్నాను. చెయ్యి కదల్దే! పది రోజులుగా ఆ సర్క్యూట్ నాకు సున్నా కామా సున్నా, నాలుగు కామా రెండు అని అంకెల్లోనే తెలుసు. బొమ్మగా ఎలా ఉంటుందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. జవాబుల కాగితం చూద్దామంటే అది ఇంట్లో ఉంది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

మేరీకే జాలేసింది. "సార్, ఈ విలువలు చూస్తే పోయిన నెల క్లాసులో మీరేసిన బొమ్మలే కదండీ ఇవి? నా నోట్‌బుక్ బయట ఉంది, నీలం అట్ట."

వరండాలో పిల్లల పుస్తకాల కుప్పంతా కెలికి తెచ్చాను. ఎడం చేతిలో నోట్‌బుక్, కుడి చేతిలో చాక్‌పీసు. ఓ గీత చూడ్డం, ఓ గీత వెయ్యడం. సరిగ్గా అప్పుడే హెచ్చోడీ గారు రౌండ్స్‌కొచ్చారు. చెదిరిపోయిన కుప్ప చూసి గుమ్మంలోంచే, "నోట్‌బుక్ లోపలికి తెచ్చిందెవరు?" అని గట్టిగా అరిచారు.

క్లాసంతా ఒక్కసారి నావైపు వేలు చూపించింది. మేరీతో సహా!

నా ప్రొబేషను ఇంకో ఆర్నెల్లు పొడిగించారు. మొత్తం కాలేజీలో ఈ మిడ్‌కి కాపీ కొడుతూ దొరికింది నేనొక్కణ్ణే.