కొండకు వీపు పెట్టి కూర్చున్న మనిషి

మా బావ పోయాడన్న కబురు హోసూరుకు బస్సు కండక్టరు నోట వచ్చింది. వేసవి సెలవులు. నేను అరుగు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. కండక్టరు వీధిలోనే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"సార్, కృష్ణగిరిలో మీ బావ లేడు. పొద్దున కుట్టు మిషను మీదే తల వాల్చినాడంట. నిద్రపోతా ఉండాడనుకున్నారంట అందురూ. మీ యక్క రాయకోట కొండకాడ ఉండాదంట కదా. మీరు ఈ పక్కనుంచి పోయి ఆమెను తోడుకోని రావాలని చెప్పమన్నారు."

ఎర్ర పెన్ను మూత పెట్టి లేచాను. అప్పుడు నాకు తోచిన మొదటి ఆలోచన చెబుతాను, తప్పుగా అనుకోకండి. బావ బతికినన్నాళ్ళూ కొండ నుంచి అక్క చావు కబురు వస్తుందని భయపడ్డాడు. కబురు అటు నుంచి రావలసింది, ఇటు నుంచి పోతోంది అనుకున్నాను.

కృష్ణగిరి పాతపేటలో రవికెలు కుట్టించుకున్న ఆడవాళ్ళకు మా బావను పరిచయం చెయ్యనక్కర్లేదు. తక్కినవాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. ఆయన కొండలెక్కే ఆవిడ మొగుడు. ఊళ్ళో అలాగే పిలిచేవారు, మొదట వెక్కిరింతగా, తర్వాత అలవాటుగా. ఎవరైనా కొత్తవాళ్ళు టైలరు అంగడి ఎక్కడని అడిగితే ఆ పేరుతోనే దారి చూపేవారు. ఆయన కూడా ఆ పేరుకే పలికేవాడు.

మా అక్క ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. ఆమెకు కొండల పిచ్చి. పిచ్చి అనే మాట నేను ఊరికే వాడటం లేదు. పెళ్ళికి పోతే పెళ్ళికూతురిని చూడదు, పందిట్లోంచి ఏ గుట్ట కనిపిస్తోందో చూస్తుంది. మన వైపు రాతి గుట్టలకు కొదవ లేదు కాబట్టి ఆమెకు తీరిక ఉండేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఒక రోజు పిల్లలను కృష్ణగిరి కొండకు తీసుకెళ్ళి, వాళ్ళను మెట్ల మీద కూర్చోబెట్టి, తాను మాత్రం పక్కనున్న నున్నటి బండ మీదుగా పాకి పైకి పోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బావతో చెప్పింది, మోకాళ్ళు చీరుకుపోయి ఉన్నాయి. మా ఇళ్ళలో మరొక మగవాడయితే కేకలు వేసి ఉండేవాడు. బావ మెడలో టేపు తీసి ఆమె నడుము కొలిచాడు.

"చీరతో ఎక్కితే కాలికి అడ్డం పడతాది. నిజారు కుడతాను" అన్నాడు.

కాకీ గుడ్డతో కుట్టాడు, లోపలి పక్క కూడా జేబులు పెట్టి. అక్క దాని మీద చీర కట్టుకుని ఊరు దాటేది. చివరి ఇల్లు దాటాక చీర మడిచి సంచిలో పెట్టుకునేది. ఆ సంచి కూడా ఆయన కుట్టిందే, పాత లారీ టార్పాలినుతో. అక్క వస్తువులకు ప్రతి కుట్టూ రెండుసార్లు వేసేవాడు. ఊరివాళ్ళ రవికెలకు ఒక్కసారే.

ఇంత చేసినాయన పరమ పిరికి. స్టూలెక్కి అంగడి బోర్డు తుడవాలన్నా పక్కంగడి వాళ్ళను పిలిచేవాడు. అంగడి గుమ్మంలో నిలబడితే కొండ నిలువునా కనిపిస్తుంది. ఏ టైలరైనా మిషను వెలుతురు వైపు వేసుకుంటాడు. ఈయన వెలుతురుకూ కొండకూ వీపు పెట్టి, గోడకు ఎదురుగా వేసుకున్నాడు.

"ఇట్ల కూర్చుంటే కండ్లు పోతాయి బావా" అన్నాను ఒకసారి.

"అట్ల తిరిగితే కొండ కనిపిస్తాదప్పా. కొండ కనిపిస్తే ఆమె యాడుండాదా అని వెతుకుతాను. కనిపించిందనుకో, నా చూపు తగిలి జారతాదేమో అని భయం. చూడకుంటే ఆమె పాటికి ఆమె ఎక్కతా ఉంటాది."

ఇందులో తర్కం లేదని చెప్పాను. నవ్వి, సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చాడు.

అక్క కొండ మీద ఉన్న రోజు ఆయన కత్తెర ముట్టేవాడు కాదు. గుండీలు కుట్టేవాడు, కాజాలు తీసేవాడు, పాత అంచులు విప్పేవాడు. దానికి కారణం ఉంది. ఒక ఏడు బేరిగై నుంచి వచ్చిన పెళ్ళికొడుకు కోటు తొందర పని పడింది. అక్క కొండ మీద ఉండగానే గుడ్డ కత్తిరించాడు. రెండు చేతులూ ఎడమ చేతులే వచ్చాయి. పెళ్ళికొడుకు తండ్రి కోటు పట్టుకొచ్చి అంగడి ముందు ఎగిరాడు.

"ఏమప్పా, మా వానికి దేవుడు రెండూ ఎడమ చేతులే ఇచ్చినాడనుకున్నావా? ఎవరి కొలత చూసి కోసినావు ఇది?"

"తప్పు నాదేనప్పా. ఆ పొద్దు నా మనసు ఈడ లేదు."

"యాడికి పోయింది మరి?"

బావ తల తిప్పకుండానే బొటనవేలితో వెనకనున్న కొండను చూపించాడు. పెళ్ళికొడుకు తండ్రి కొండను చూశాడు, ఆయన్ను చూశాడు, తర్వాత బెంచీ మీద కూర్చున్నాడు. కొత్త గుడ్డ తెచ్చి సాయంత్రానికల్లా కోటు కుట్టిచ్చాడు బావ. అక్క అప్పటికే కొండ దిగి ఇంట్లో ఉంది.

ఇక గడ్డం సంగతి. భార్య కడుపుతో ఉంటే మగవాడు గడ్డం గీయించుకోకపోవడం మనలో ఉన్నదే. వాళ్ళకు పిల్లలు లేరు. అయినా అక్క పొరుగూరి కొండకు పోతే, ఆమె ఇల్లు చేరేదాకా ఈయన మంగలాయన ముందు కూర్చునేవాడు కాదు. మా అవ్వ ఒకసారి ఎగతాళి చేసింది.

"ఏమప్పా అల్లుడా, గడ్డం పెంచినావు. ఎన్నో నెల?"

"నెలలు లేవవ్వా. పోయేటప్పుడు రెండు ప్రాణాలు ఎత్తుకోని పోతాది, అంతే. ఒకటి ఆమెది, ఒకటి నాది."

నవ్వుతూనే అన్నాడు. మా అవ్వ నవ్వలేదు, లోపలికి పోయి ఆయనకు మజ్జిగ తెచ్చింది. వీధి మొగలోని మంగలాయనకు ఈ లెక్కంతా తెలుసు. అక్క సంచి భుజాన వేసుకుని బస్సు దిగడం చూస్తే చాలు, పిలవకుండానే పెట్టె తీసుకుని అంగడికి నడిచేవాడు.

చైనా యుద్ధానికి ముందు అక్క హిమాలయాలకు పోయింది. అక్కడ ఆడవాళ్ళకు కొండలెక్కడం నేర్పుతున్నారని తెలిసి అర్జీ పెట్టుకుంది, పిలిచారు. బావ మంచు చూసినవాడు కాదు. కెలమంగలంలో మిలిటరీ నుంచి వచ్చిన ఒకాయన ఉంటే, ఆయన దగ్గరికి పోయి చలి ఎట్లుంటుందో అడిగి తెలుసుకుని, దూది పెట్టి కోటు కుట్టాడు. అక్క పోయాక గడ్డం రొమ్ము దాకా వచ్చింది. టైలరు సన్యాసుల్లో కలిసినాడని ఊరు నవ్వింది. ఆ రోజుల్లో ఆయన రోజూ ఇద్దరికి సంగటి కెలికి, సాయంత్రం బస్సు వచ్చి పోయిన తర్వాత ఒక ముద్ద పక్కింటికి ఇచ్చేసేవాడు. ఆ బస్సులో ఆమె రాదని ఆయనకూ తెలుసు.

అక్క తిరిగొచ్చింది. ఎడమ కాలి వేళ్ళు రెండు మంచుకు చచ్చి అక్కడే పోయాయి. బావ ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత బూటు తీసుకుని, ఖాళీ ఉన్నచోటికి సరిపడా మెత్త కుట్టి లోపల అమర్చాడు. మా అమ్మ అది చూసి తట్టుకోలేకపోయింది.

"ఇంక చాలని ఒక్క మాట చెప్పప్పా. నువ్వు చెబితే వింటాది."

"వింటాదత్తా. అందుకే చెప్పలేదు."

ఈ జవాబును మా అమ్మ చచ్చేదాకా ఫిర్యాదులాగే చెప్పుకుంది. నేను ఒకసారి ఆయన్నే అడిగాను, కోపం రాదా బావా అని. "ఎందుకు రాదు? వస్తాది. ఆమె వచ్చేసరికి పోతాది" అన్నాడు. మా అక్క మంచి భార్య అవునా కాదా అని నన్నడిగితే చెప్పలేను. ఆయన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

కండక్టరు కబురు తెచ్చిన రోజు కెలమంగలం మీదుగా రాయకోట చేరాను. అక్క అక్కడికి పోయి వారమవుతోంది. ఆ కొండ మీది దుర్గానికి ఒక పక్క మెట్లున్నాయి. అక్కకు కావలసింది మెట్లు లేని పక్క. అంతకుముందు ఆ పక్క నుంచి ఎక్కబోయి, సగంలోనే దిగివచ్చింది. కొండ కింద మేకలు కాచుకునే ముసలామె ఇంట్లో ఆమె బస. నేను పోయేసరికి ముసలామె నీడలో కూర్చుని ఉంది.

"పైనుండాదప్పా మీ యక్క. అద్దో, ఆ పక్కకు పోతే కనిపిస్తాది" అంది.

పోయి చూశాను. ఎండలో తెల్లగా మెరుస్తున్న బండ. దాని నడిమధ్య కాకీ రంగు చుక్క. చుక్క కదలడం లేదు. గొంతెత్తి పిలవబోయాను. ముసలామె నా చెయ్యి పట్టుకుంది.

"అరవద్దప్పా. ఉలిక్కిపడితే ఏమి గతి? ఏమి కబురు తెచ్చినా, కాళ్ళు నేల మీద పెట్టినంక చెప్పు."

చుక్క కొంచెం కదిలింది. మళ్ళీ ఆగింది. నేను చూస్తుంటేనే ఆమె జారుతుందని ఎందుకో గట్టిగా అనిపించింది. తెలుగు వ్యాకరణం చెప్పే మనిషిని, తర్కం లేదని ఒకప్పుడు అన్నవాణ్ణి. మెట్ల దారి మొదటికి వచ్చి, కొండకు వీపు పెట్టి నిలబడ్డాను. మేకలను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బావ ఎన్నేళ్ళు ఇలా గడిపాడో అప్పుడు అర్థమయింది.

వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు. ఆ తర్వాత ఆమె గొంతు, చిన్నపిల్ల గొంతులాగ.

"ఎక్కినానురా! ఆ పక్కనుంచే ఎక్కినాను! నువ్వెప్పుడు వచ్చినావు? ఈ పొద్దే పోయి ఆయనకు చెప్పాల..."

చప్పుడు ఆగింది. నేను తిరగలేదు.

"ఏమిరా, కొండకు వీపు పెట్టి నిలబడినావు?" అంది మెల్లగా. రెండు మెట్లు దిగి "ఎప్పుడు?" అంది.

"పొద్దున" అన్నాను.

బస్సులో ఆమె చేతులు రెండూ రాతి పొడితో తెల్లగా ఉన్నాయి, వాటినే చూసుకుంటూ కూర్చుంది. కృష్ణగిరిలో దిగి, సంచిలోని చీర బయటికి తియ్యకుండానే, ఊరంతా చూస్తుండగా, నిజారుతోనే పాతపేట వీధిలో నడిచింది.

పొద్దు వాలుతోంది. బావను అంగడి అరుగు మీద పడుకోబెట్టారు. వారం గడ్డం నెరసి ఉంది. చీకటి పడేలోపల ఎత్తాలని పెద్దలు తొందర పడుతున్నారు, మంగలాయన మీద విసుక్కుంటున్నారు. ఆయన పొద్దుటి నుంచి పెట్టె పక్కన పెట్టుకుని, తెరవకుండా అలాగే కూర్చున్నాడట.

"ఆమె రాకుండా గడ్డం ముట్టద్దని ఇన్నేండ్లు చెప్పినాడు కదప్పా. ఈ పొద్దు మాత్రం ఎట్ల ముట్టేది?" అన్నాడు నాతో.

అక్క అరుగెక్కింది. పొడి అంటిన చేత్తో ఆయన చెంప నిమిరింది.

"వచ్చినాను" అంది.

మంగలాయన పెట్టె తెరిచి, ఆయన మీదికి వంగి, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. "అమ్మ దిగొచ్చింది సామీ. గడ్డం తీస్తాను."

అక్క నీళ్ళ గిన్నె రెండు చేతులా పట్టుకుంది. అరుగుకు ఎదురుగా కొండ మీద ఇంకా ఎండ ఉంది. ఆమె అటు చూడలేదు. ఆయన ముఖం చూస్తూ, కొండకు వీపు పెట్టి కూర్చుంది.