ఐదు వేళ్ళ గోషా

నా చిన్నప్పుడు మా ఇంట్లో నూలుపోగు నేల మీద పడితే అన్నం మెతుకు పడ్డట్టే. తీసి కళ్ళకద్దుకుని పక్కన పెట్టాలి. గద్వాలలో మాది మగ్గాల వాడ. నడక వచ్చిన పిల్లలకు మొదట నేర్పేది అదే. అందుకే ఆ రోజు నూలు చుట్టిన కండె ఒకటి దొర్లుకుంటూ పోయి ఉడుకుతున్న గంజిలో పడగానే, నేను వెనకాముందూ చూడకుండా ఎడమ చెయ్యి ముంచాను.

అప్పటికి నాకు ఆరేళ్ళు నిండాయి. ఐదే అంటుంది మా చెల్లెలు. కానీ ఇది తను పుట్టిన చలికాలం దాటి ఎండలు ముదిరాక జరిగింది. నేను తనకన్నా ఆరేళ్ళు పెద్ద, ఆ లెక్కన ఆరే. అది నూలుకు పట్టించడానికి కాచిన గంజి. అన్నం గంజి కన్నా చిక్కగా ఉంటుంది, ఒంటికి అంటుకుంటే వదలదు. అమ్మ నా చెయ్యి బయటికి లాగినప్పుడు కూడా కండె నా పిడికిట్లోనే ఉందట.

చాలాసేపు చన్నీళ్ళలో చెయ్యి ఉంచాక నాయన నన్ను ఎత్తుకుని దవాఖానకు పోయాడు. అక్కడ కడిగి, మలాం రాసి, కొంత మలాం డబ్బాలో పెట్టి ఇచ్చారు. రోజూ కట్టు మార్చమన్నారు. మర్నాడు ఆ పని ఇంటి మీద పడింది. సంగతి తెలిసి వాడంతా గుడ్డలు పట్టుకుని వచ్చింది. అప్పుడే మగ్గం మీద నుంచి కోసిన ముక్కలు, పట్టు అంచు పేలికలు. ఎవరి ఇంట్లో ఏది మంచిదైతే అది తెచ్చారు. అమ్మ వాటిలో ఒకటి తీసుకుని నా చేతిని మూటలా చుట్టబోతుండగా పక్కింటి ఖాలా పెరటి దారిన వచ్చింది.

ఖాలా సాయిబుల ఇంటి మనిషి, మా అమ్మ కన్నా వయసులో పెద్దది. వాళ్ళ భాషలో ఖాలా అంటే అమ్మకు తోబుట్టువు. ఆమె ఎడమ చెయ్యి ఎప్పుడూ కొంగు లోపలే ఉండేది. అది వాళ్ళ పద్ధతి కాబోలు అనుకునేదాన్ని నేను.

"కొత్తది వద్దు బిడ్డా" అంది అమ్మతో. "గంజి బట్ట పుండుకు పట్టుకుంటది. ఉతికి ఉతికి మెత్తబడ్డది తే, ఉడకబెడదాం. అన్ని వేళ్ళు గట్ల ఒక్క మూట కట్టకు. మానేటప్పుడు ఒకదానికొకటి కలిసిపోతయి."

నాయన మగ్గం ఆపాడు. "కలిసిపోతే పిల్ల పోగు ఎట్ల పడ్తది?" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. తెగిన పోగును ముడివేయలేని చెయ్యి మా వాడలో ఉండీ లేనట్టే. ఆ మాట విన్నాక అమ్మ చేతిలోని కొత్త గుడ్డ పక్కన పెట్టేసింది.

మేము నేసేవి కొత్తవి, కట్టేవి పాతవి. కాబట్టి మెత్తటి గుడ్డ కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. అవ్వ చీర ఒకటి చింపి, ఉడకబెట్టి, ఎర్రటి ఎండలో తాడు మీద ఆరేసి, మూత ఉన్న గిన్నెలో దాచారు. ఖాలా గాజులు పైకి తోసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఉడకబెట్టిన గుడ్డ ఒకటి ఎడమ చేతి మీద కప్పుకుని నా ఎదుట కూర్చుంది. వేలు వేలుకూ కట్టు కడతారంటే నాకు ఒక్క నొప్పి ఐదు నొప్పులయినట్టు తోచింది. చెయ్యి వీపు వెనక పెట్టుకుని ఏడ్చాను.

"అరె, నీకు తెల్వదా? వీళ్ళు ఐదుగురు పెండ్లికూతుళ్ళు" అంది ఖాలా. "ఒక్క చీరల ఐదుగురు ఎట్ల ఇముడుతరు? కొట్లాడుకోరా? ఎవరి చీర వాళ్ళకే కట్టాలె. ఇంకోటి, వీళ్ళు గోషాల ఉన్నరు. పరాయి చెయ్యి తగలొద్దు. ఈగ గూడ మొఖం చూడొద్దు. చీరలు మార్చుకునేటప్పుడైతే నువ్వు గూడ చూడొద్దు."

అది నైజాం కాలం. ఆడవాళ్ళు పరాయి కంట పడకుండా పరదా కట్టిన బండ్లు మా వాడ ముందు నుంచే పోయేవి. గోషా అంటే ఏమిటో ఎవరూ నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. చెయ్యి ముందుకు చాచి కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ఖాలా పాత కట్టును ఎప్పుడూ లాగలేదు. కాచి చల్లార్చిన నీళ్ళతో తడిపి, అది తనంతట తాను వదిలేదాకా ఓపిగ్గా కూర్చునేది. అంతసేపూ పెళ్ళికూతుళ్ళ ముచ్చట్లు చెప్పేది. బొటనవేలుకు పొగరు, చిటికెన వేలుకు జున్ను తప్ప ఏదీ సయించదు. కొత్త చీర కట్టే ముందు ఒక్కొక్కరూ వంగి సలాం చెయ్యాలి. నొప్పికి నేను వంచకపోతే, "అత్త ముందట గింత బిగుసుకుంటవా? నిన్నెవరు చేసుకుంటరే?" అని వేలిని తిట్టేది. నన్ను ఒక్క మాట అనలేదు. మూసిన కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే నాకు నవ్వొచ్చేది. నవ్వులో వేలు వంగేది.

ఒకరోజు వనపర్తి నుంచి మా మేనత్త బండి కట్టించుకుని వచ్చింది. మా నాయనకు అక్క, ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. కాళ్ళయినా కడుక్కోకుండా నా దగ్గరికి వచ్చి కొంగు ముడి విప్పింది. అందులో ఎవరో పెద్దాయన ఇచ్చిన విభూతి ఉంది. పుండు మీద చల్లాలని కట్టు అంచు పట్టుకుంది.

"గోషా!" అని వాడంతా వినబడేట్టు అరిచాను.

"ఏందే పిల్లా? ఇంత దూరం బండ్ల వస్తే నాకు గూడ గోషానా?"

"నీకు గూడ! ముట్టద్దు!"

అందరూ నవ్వారు. అత్త ముఖం మాడిపోయింది. అమ్మకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. వదినను కాదంటే తప్పు, సరే అంటే నా చెయ్యి. అరుపు విని వచ్చిన ఖాలా అత్త పక్కనే కూర్చుంది.

"వదినా, విభూతి పిల్ల నొసలుకు పెట్టు. నజర్ తగలకుంట ఉంటది. ఇయ్యాల్టి సంది పెండ్లిపెద్దవు నువ్వే. చీరలు ఉడకబెట్టుడు నీ చేతుల మీద జరగాలె. జర చేతులు కడుక్కొని రా."

అత్త విభూతి మళ్ళీ కొంగున ముడివేసుకుని, లేచి చేతులు కడుక్కుంది. నా నొసట విభూతి పెట్టింది. ఉన్నన్నాళ్ళూ ఆ ఉడకబెట్టే గిన్నె దగ్గరికి ఇంకొకరిని రానివ్వలేదు. "నీళ్ళు ఇంక తెర్లలే, అప్పుడే దించుతవా?" అని అమ్మనే కసిరేది.

చేతికి చీము పట్టలేదు. వానలు మొదలయ్యేలోపు పుండు మానింది. ఆఖరి కట్టు విప్పిన రోజు ఖాలా, "ఇగ కళ్ళు తెరువు" అంది. ఐదు వేళ్ళు, లేత గులాబీ రంగులో, విడివిడిగా ఉన్నాయి. ఐదూ వంగి సలాం చేశాయి. మగ్గం గుంటలోంచి నాయన లేచి వచ్చి, ఒక పోగు తెంపి నా చేతికిచ్చాడు. ముడి వేశాను. వంకరగానే వచ్చింది. నాయన దాన్ని లాగి చూసి, పోయి మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడు.

అప్పుడు ఖాలా కొంగులోంచి తన ఎడమ చెయ్యి తీసి నా ముందు చాపింది. ఆటలాగా నేను నా వేళ్ళను ఆమె వేళ్ళ సందుల్లో దూర్చాను. ఒక వేలు దూరలేదు. ఆమె మధ్యవేలు, ఉంగరపు వేలు మొదలు నుంచి కొస దాకా ఒక్కటై ఉన్నాయి.

"నావి ఒక్క చీరల కట్టిండ్రు బేటీ" అంది. "మా అమ్మకు తెల్వదు. ఏం చేస్తది?"

కట్టు మార్చేటప్పుడు నన్ను కళ్ళు మూసుకోమన్నది ఎందుకో, పుండు చూసి భయపడతాననా, తన చెయ్యి చూసి భయపడతాననా, నేను అడగలేదు. దూరని వేలును ఆమె జంట వేళ్ళ మీదే పడుకోబెట్టాను. ఆమె చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు.

ఉతికి మెత్తబడిన చీర ముక్కలు, ఉడకబెట్టి ఆరేసినవి, ఇప్పటికీ నా పెట్టెలో ఉంటాయి. ఇంట్లో లెక్కలన్నీ నావే, మనవరాళ్ళు లెక్కల యంత్రం తెచ్చిచ్చినా నేను వేళ్ళ కణుపుల మీదే వేస్తాను. ఎడమ చేతికి వచ్చి, మధ్యవేలు దాటి ఉంగరపు వేలు మీదికి పోయేటప్పుడు, ఆ రెండింటి నడుమ సందులో నా బొటనవేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ సందు ఖాలా ఇచ్చింది.