మిట్ట మీద ఆరు నెలలు

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు కల్లూరు నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నా చేతిలో తన ఫోను పెట్టి ఒక వీడియో చూపించాడు. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, రెండు కొబ్బరిచెట్ల నడుమ కట్టిన ఉయ్యాలలో కళ్ళు మూసుకుని పడుకున్న ఒక లావుపాటి మనిషి, వాడి పొట్ట మీద ఒక కొబ్బరిబోండాం. ఆ దీవిలో అయిదు రోజులు ఏ పనీ లేకుండా ఉంటే ఒంట్లోని అలసటంతా తీరిపోయి మనిషి కొత్తగా పుట్టినట్టు ఉంటాడని ఒక ఆడగొంతు తేనె పూసి చెబుతోంది. అరవై అయిదేళ్ళు కర్నూలు ఎండలో మాడినవాణ్ణి, విమానం ఎక్కి ఇంకో చోటికి పోయి మళ్ళీ ఎండలోనే పడుకోమంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"నీ రొమ్ముకు శానా మంచిదంట పెద్దనాయనా. టికెట్లు గూడా తీసినా. నువ్వు, నేను, నీ కోడలు, పిల్లోళ్ళు. అమ్మ మాత్రం సముద్రమంటే భయం, రానంటాంది" అన్నాడు వాడు.

నేను ఫోను మంచం మీద పడేసి, నాకు ఏ దీవీ వద్దని గట్టిగానే అరిచాను. వాడు నొచ్చుకున్నాడు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ, నా చేతుల మీద పెరిగినవాడు, వాడి మీద అరవవలసిన పని నాకు లేదు. కానీ దీవి మీద విశ్రాంతి అనే మాట వింటే చాలు, నలభై ఏళ్ళుగా నాలో ఏదో భగ్గుమంటుంది. అది పనిచేయదని నేనెప్పుడూ అనను. ఈ వీడియోలు పుట్టకముందే దీవి మీద పడుకుని ఆరోగ్యం తెచ్చుకున్నవాణ్ణి నేను. పనిచేసింది కాబట్టే నా కోపం.

నా ఈడువాళ్ళు, అందులోనూ బండల పని తెలిసినవాళ్ళు, మీలో కొందరైనా ఉంటారు. పదో తరగతి తప్పి నేను బేతంచెర్లలో నేల బండలకు పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీలో చేరాను. ఫ్యాక్టరీ అంటే నాలుగు కమ్ములు, పైన రేకులు, కింద రెండు మిషన్లు, అంతే. బండ మీద మిషన్ తిరుగుతున్నంతసేపూ పైనుంచి నీళ్ళు ధారగా పడుతూ ఉండాలి. నీళ్ళు పడితే రాతిపొడి బురదై కాలువలో పోతుంది, పడకపోతే మనిషి లోపలికి పోతుంది. మన సీమలో బోర్ల సంగతి మీకు చెప్పేదేముంది, ఎండాకాలం ముందే అవి ఎండిపోయేవి. అప్పుడు మా యజమాని నీళ్ళ ట్యాంకరు తెప్పించడం మాని, బెల్లం తెప్పించేవాడు. సాయంత్రం పని దిగేటప్పుడు వరుసలో నిలబెట్టి, తెల్లగా బూడిద పూసుకున్నట్టున్న మా చేతుల్లో తలా ఒక ముక్క పెట్టి, దీన్ని చప్పరిస్తే గొంతులోని దుమ్మంతా కడుపులోకి జారిపోతుందని చెప్పేవాడు. మేమూ నమ్మాం. నమ్మడమే కాదు, పెళ్ళికాని కుర్రవాళ్ళం ఇంకో ముక్క కోసం ఆయన వెంట పడేవాళ్ళం. తిన్న బెల్లానికీ ఊపిరితిత్తులకూ దారి ఎక్కడుందని ఒక్కరమూ అడగలేదు. ఆ మనిషి మీద నా కోపం ఈ జన్మకు తీరదు, కానీ అంతకన్నా ఎక్కువ కోపం ఆ బెల్లం అంత ఇష్టంగా చప్పరించిన మా మీదే.

ఏడేళ్ళు తిరిగేసరికి నాకు దగ్గు పట్టుకుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు రొమ్ముకు ఫోటో తీయించి చూసి, మందులకన్నా ముందు దుమ్ముకు దూరంగా మూడు నెలలు ఉండమన్నాడు. ఆయనకేం తెలుసు మా పద్ధతి? ఆ రోజుల్లో మాకు సెలవనే మాట లేదు. మిషన్ దగ్గర చోటు వదిలితే, గేటు బయట ఎదురుచూస్తున్న మనిషి మరుక్షణం అందులో నిలబడేవాడు. చోటు నిలవాలంటే సొంత మనిషిని, అన్ననో తమ్ముణ్ణో బావమరిదినో, బదులు నిలబెట్టి పోవాలి. నాకు ఉన్నది ఒక్క తమ్ముడు. మైదుకూరులో పసుపు కొట్టులో పని చేసుకుంటూ, పెళ్ళయి, ఆరు నెలల పిల్లవాడితో సుఖంగా ఉన్నాడు. వాడు ఇంట్లోకి వచ్చాడంటే పసుపు వాసన ముందొచ్చేది. కబురు పెట్టగానే సంచీతో దిగాడు.

"నువ్వు పోన్నా, నేను నిలబడతా. మూడు నెల్లే గదా, ఎంత సేపు!" అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళలో ఉంది.

నేను పోయింది మా మేనత్త దగ్గరికి. ప్రాజెక్టు నీళ్ళలో వాళ్ళ ఊరు మునిగిపోయి, ఎక్కడో కాలనీలో ఇల్లిచ్చినా, మా మామ అక్కడ నిలవలేక, మునగని ఒక మిట్ట మీద కొట్టం వేసుకుని చేపలు పట్టుకుంటూ ఉండేవాడు. వానలకు నీళ్ళొచ్చాయంటే మిట్ట చుట్టూ కనుచూపుమేర నీళ్ళే, నాలుగు వైపులా నీళ్ళున్న దీవి అది. గట్టు నుంచి పుట్టిలో, గుండ్రటి బుట్టపడవలో, దాటాలి. మొదటిసారి దాటిస్తూ మామ తెడ్డు ఆపి, "ఇదిగో అప్పా, ఇప్పుడు మనం మా గొడ్లకొట్టం మీద పోతాండాం" అన్నాడు, ఎవరి ఇంటి గురించో చెప్పినట్టు. నేను వంగి చూశాను. నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

అక్కడ నా ఒళ్ళు బాగుపడిందని చెప్పడానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పొద్దున జొన్న సంగటి, చేపల పులుసు, మధ్యాహ్నం కానుగచెట్టు కింద నులకమంచం, సాయంత్రం నీళ్ళ మీదుగా చల్లగాలి. దుమ్మనేదే లేదు. నీళ్ళ కోసం బోరు దగ్గర కొట్టుకు చచ్చే మనుషుల మధ్య పుట్టినవాణ్ణి, చేయి చాపితే నీళ్ళు అందే చోట పడుకుని, రోజుకు మూడుసార్లు అవసరం లేకపోయినా స్నానం చేసేవాణ్ణి. రెండు నెలలకే దగ్గు తగ్గింది, మూడో నెలకు మామతో పోటీపడి తెడ్డు వేశాను, బుగ్గలకు కండ పట్టింది. మా అత్త నన్ను చూసి మురిసిపోయి దిష్టి తీసేది.

మూడు నెలలూ అయిపోయిన రోజు నేను తమ్ముడికి ఒక పోస్టుకార్డు రాశాను. ఇంకా దగ్గు పోలేదు, డాక్టరు చెప్పిందానికన్నా ఎక్కువ రోజులు పట్టేట్టు ఉంది, నువ్వు ఇంకొన్నాళ్ళు నిలబడు, అని. దగ్గు పోయింది. అబద్ధం రాశాను. ఆ నీడ, ఆ గాలి, ఏ పనీ లేకుండా పడుకోవడంలోని ఆ సుఖం వదిలి రేకుల కిందికి రాబుద్ధి కాలేదు, అంతకు మించి కారణం లేదు. ఆ కార్డును గట్టు మీదికి తీసుకుపోయి డబ్బాలో వేసింది మామ, ఆయనకు చదువు రాదు. తర్వాత మూడు నెలలు, సరిగ్గా బోర్లు ఎండి మిషన్లు పొడిగా తిరిగే ఆ మూడు నెలలు, మా తమ్ముడు నా చోట నిలబడి బెల్లం చప్పరించాడు. నేను తిరిగొచ్చింది కూడా బుద్ధి తెచ్చుకుని కాదు. ఎండలకు నీళ్ళు తీసి, మిట్ట దాకా నడిచే దారి తేలింది. దీవి అయిపోయింది కాబట్టి వచ్చాను.

ఫ్యాక్టరీ ముందు వాణ్ణి చూసి మొదట గుర్తుపట్టలేదు. కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. "ఒళ్ళు బాగ చేసినావన్నా" అని సంతోషపడుతూనే దగ్గాడు. ఆ దగ్గు నాకు బాగా తెలిసినదే. నేను ఒక పూట కూడా ఆ మిషన్ దగ్గర నిలబడలేదు, వాణ్ణి తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత బండలు పరిచే పని నేర్చుకుని కర్నూలు చేరాను. వాడికి ఏ మిట్టా, ఏ గాలీ పనిచేయలేదు, మూడేళ్ళకు పోయాడు. కర్మకు యజమాని గంపెడు బెల్లం పంపించాడు. నేను ఆ గంపను వీధిలోకి విసిరికొడితే మా మరదలు వాకిట్లో నిలబడి చూసింది. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లోకి బెల్లం రాలేదు. ఉగాది పచ్చడిలో కూడా చక్కెరే.

ఇదంతా ఆదివారం వాడికి చెప్పేశాను. కార్డు సంగతి కూడా, ఎవరికీ ఎప్పుడూ చెప్పనిది, కేకలు వేస్తూనే చెప్పాను. తండ్రిని తిన్నవాణ్ణి దీవికి తీసుకుపోతావా అని అడిగాను. వాడు తల వంచుకుని విని, "ఆ కార్డు మా అమ్మ పెట్టెలో ఉండాది పెద్దనాయనా. మీ అత్త వచ్చినప్పుడు నువ్వు శానా దినాల ముందరే బాగయినావని అమ్మతో చెప్పిందంట. నేను బడికి పోయేటప్పుడే చదివినా" అన్నాడు. ఇంత తెలిసీ వీళ్ళిద్దరూ నా చేతి అన్నం తిన్నారు, పండగలకు నా కాళ్ళకు మొక్కారు. తిట్టి ఉంటే బాగుండేది. అదే వాడితో అన్నాను.

"తిట్టేది లేదు. మా నాయన నీ బదులు నిలబడినాడు గదా. ఆయన తీసుకోవాల్సిన రెస్టు ఒకటి బాకీ ఉండాది. ఆయన బదులు నువ్వు పో" అని, ఫోను తీసుకుని వెళ్ళిపోయాడు.

నిన్న కల్లూరు నుంచి ప్రయాణానికని నాకొక సంచీ సర్ది పంపించారు. బట్టల మధ్య ఒక స్టీలు డబ్బా, అందులో వేరుశనగ ఉండలు, మా మరదలు చేసినవి. ఒకటి కొరికి చూశాను. బెల్లం పాకమే. నలభై ఏళ్ళ తర్వాత ఆ ఇంటి పొయ్యి మీద బెల్లం కరిగింది. నేను ముసలివాణ్ణి, దగ్గర ఎవరూ లేరు, ఏడ్చాను.

పోతాను, కానీ ఆ ఉయ్యాలలో పడుకుంటానని మాట ఇవ్వను. బేతంచెర్లలో ఇప్పుడు చాలా మిషన్లకు వాడిన నీళ్ళే మళ్ళీ తిరిగి వచ్చే తొట్లు కట్టారు, ముక్కుకు గుడ్డ కట్టుకోమనేవాళ్ళూ ఉన్నారట. మా వాడు అయిదు రోజుల సెలవు ఫోనులోనే అడిగాడు, ఫోనులోనే ఇచ్చారు. మరి నీ చోట ఎవరు నిలబడతారని అడిగితే, వాడికి నా ప్రశ్నే అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మంచిది. ఆ మంచి రోజులు మా తమ్ముడి దాకా రాలేదు.