సాంచాలు ఆగిన ఐదు నిమిషాలు

మా వాడలో ఒక పిల్లి ఉండేది. ఎవరిదీ కాదు. నాలుగిళ్ళలో తిని, మా ఇంట్లో పడుకునేది. మాది సిరిసిల్ల. ఇంటి గోడకు అవతలే సాంచాల షెడ్డు. కరెంటు మగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. మా ఆయన ముప్పై ఏళ్ళుగా వాటి మీదే పని చేస్తున్నాడు, నేను ఇంట్లో కూర్చుని బీడీలు చుడతాను. పోయిన వానాకాలంలో ఆ పిల్లి మా మంచం కింద పాత బొంత మీద మూడు పిల్లల్ని పెట్టింది. "నీకు వేరే ఇల్లే దొరకలేదా తల్లీ" అని తిట్టాను గానీ, లోపల సంబరంగానే ఉంది. మా బిడ్డ పెళ్ళై జగిత్యాల పోయినప్పటి నుంచి ఇల్లు బోసిగా ఉంటోంది మరి.

ఐదో రోజు పొద్దున బయటికి పోయిన పిల్లి తిరిగి రాలేదు. మధ్యాహ్నానికి పిల్లలు రాగం అందుకున్నాయి. కళ్ళు కూడా తెరవని కూనలు. ఒకదాని మీద ఒకటి పడి ఒకటే ఏడుపు. బీడీల చాట పక్కన పెట్టి వాడంతా తిరిగాను. మురుగు మోరీలు చూశాను, మటన్ దుకాణం వెనక చూశాను, కనబడిన వాళ్ళనల్లా అడిగాను. "కుక్కలు వట్టుంటయ్ తియ్" అంది ఒకామె, బియ్యం చెరుగుతూ, తలైనా ఎత్తకుండా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ నోట్ల మన్ను వడ, ఒక్క మంచి మాట రాదా నీకు?" అని అక్కడి నుంచి వచ్చేశాను.

జగిత్యాలకు, బిడ్డకు ఫోన్ చేశాను. "అమ్మా, బర్రెపాలు చిక్కగ పొయ్యకు. మేకపాలు దొరుకుతె గోరువెచ్చగ జేసి, దూదితోని చుక్క చుక్క వట్టు" అంది. పట్టాను. సగం వాటి మూతికి, సగం నా చీరకు. తల్లి పొట్ట వెచ్చదనం కావలసిన వాటికి దూదిముక్క ఏం ఆనుతుంది?

సాయంత్రం మా ఆయన షిఫ్టు దిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని తినడానికి కూర్చున్నాడు. పక్కనే మంచం కింద ఆ మూడూ గుక్కపట్టి ఏడుస్తున్నాయి. ఆయన తాపీగా అన్నంలో పప్పు కలుపుకుంటున్నాడు.

"గంతగనం ఏడుస్తుంటె బుక్క ఎట్ల దిగుతున్నదయ్యా నీకు?" అన్నాను.

"ఎవలు ఏడుస్తున్నరే?" అన్నాడు.

వెటకారం అనుకున్నాను. అంతకు నాలుగు రోజుల ముందే, షెడ్డులో నూలు మీద పడుకుందని ఆ పిల్లిని చెప్పు తీసి అదిలించింది ఈయనే. "నువ్వే సంచిల ఏసుకపోయి యాడనో ఇడిసిపెట్టొచ్చినవ్. నిజం చెప్పు" అన్నాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "పిల్లలున్న తల్లిని నేనెందుకు ఇడిసిపెడ్తనే?" అన్నాడు.

నేను నమ్మలేదు. నీది గుండె కాదు, రాయి అన్నాను. ఇంకా చాలా అన్నాను. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. ఆయన సగం అన్నం వదిలి లేచాడు.

తెల్లారి చూస్తే ఒక కూన కదలడం లేదు. గుడ్డలో చుట్టి పెరట్లో పూడ్చాను. మిగిలిన రెండింటి గొంతూ తగ్గిపోయింది. ఏడుస్తుంటే విసుక్కున్న నాకు, ఏడుపు తగ్గితే భయం పట్టుకుంది. ఇంకో పూట గడిస్తే ఇవీ దక్కవు.

మట్టి చేతులు కడుక్కుంటుంటే పుట్టింట్లో, కోరుట్లలో, మా అమ్మ చేసేది గుర్తొచ్చింది. మేక తప్పిపోతే అమ్మ ముందుగా వెతకడానికి పోయేది కాదు. "అందరు నోరు మూసుకోని ఇనుండ్రి" అని వాకిట్లో నిలబడేది. కాసేపటికి ఏదో దిక్కున సన్నగా మేక అరుపు వినబడేది, అటు పోయేవాళ్ళం. కోరుట్లలో అది కుదిరింది. సిరిసిల్లలో ఎట్లా? పగలొక షిఫ్టు, రాత్రొక షిఫ్టు, సాంచాలు ఆగేదే లేదు. పూర్వమైతే పూటకోసారి కరెంటు పోయి వాడంతా చప్పబడేది. ఇప్పుడు పోదు. కరెంటు ఎందుకు పోదని తిట్టుకోవడం నా బతుకులో అదే మొదటిసారి.

నేరుగా షెడ్డుకు పోయాను. షెడ్డు నడిపే సాంచాల ఆసామి గుమ్మం దగ్గరే నూలు సంచులు దింపించుకుంటున్నాడు.

"తమ్మీ, సాంచాలన్ని ఒక్క అయిదు నిమిషాలు ఆపియ్యాలె."

"ఎందుకక్కా? ఎవలకన్న ఏమన్నయిందా?"

"పిల్లి తప్పిపోయింది. దాని సప్పుడు ఇనాలె."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పిల్లి కోసం సాంచాలు ఆపుతరా అక్కా? ఆపిన కాడ బట్ట మీద గీత వడ్తది. ఆ బట్ట తాను పాస్ గాదు" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అంతలోనే లోపల ఒక సాంచ ఆగింది. మా ఆయనది. ఆ రొదలో అక్కడెవరూ చెవులతో వినరు, పెదవులు చూసి మాట పట్టేస్తారు. మా మాటలు ఆయన అట్లానే పట్టినట్టున్నాడు. తన నాలుగు సాంచాలూ వరసగా ఆపి, "గీత వడ్తె నేను చూసుకుంట సేటూ" అన్నాడు.

ఆయన్ని చూసి మిగతావాళ్ళూ ఆపారు. ఒకాయన ఉరికి పక్క షెడ్డులో చెప్తే, గొణుక్కుంటూనే వాళ్ళూ ఆపారు.

వాడ మొత్తం చప్పబడింది. ఏమైందోనని ఇళ్ళలోంచి మనుషులు బయటికొచ్చి నిలబడ్డారు. అప్పుడు వినబడింది. షెడ్డు మూలకు పేర్చిన వేస్ట్ నూలు సంచుల వెనక నుంచి, బొంగురుగా, ఆగి ఆగి. "అగో!" అన్నాం అందరం ఒక్కసారే.

ఆ సంచులకు ఆనుకుని నిలబడ్డది మా ఆయనే. పిల్లికీ ఆయనకూ మధ్య రెండడుగులు కూడా లేవు. ఆయన మాత్రం మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"ఇనచ్చిందా? యాడికెల్లి?" అన్నాడు.

ఏళ్ళుగా సాంచాల మీదున్న ఇద్దరు పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు, ఆ సంగతి వాళ్ళకెరుకే. "నీ ఎనకనే" అన్నాను నేను, చేత్తో చూపించి.

సంచులు లాగారు. వెనక కాళ్ళకూ నడుముకూ పాలిస్టర్ దారం చిక్కుపడి, గుంజుకున్నకొద్దీ బిగుసుకుని, పిల్లి గోడకు ఒరిగి ఉంది. మా ఆయన దాని ముందు కూర్చుని దారం కొస వెతకడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళు తెగిన దారాలు అతికిన చెయ్యి, తెంపడానికి మనసొప్పలేదు. "కొస దేవులాడుతవేందయ్యా, కత్తెర వట్టు!" అని అరిచాను. అప్పుడు కత్తిరించాడు. పిల్లి చెయ్యంతా రక్కింది. ఆయన వదల్లేదు, అట్లానే ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు.

ముందు నీళ్ళు తాగించాం. తర్వాత కుంటుకుంటూ పోయి బొంత మీద ఒరిగింది. రెండు కూనలూ పాకి పాలకు తగులుకున్నాయి. అవతల సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి.

ఆయన పనికి పోలేదు. నేల మీద బోర్లా పడుకుని మంచం కిందికి చూస్తున్నాడు.

"నిన్న ఏడుస్తున్నయంటివి గద. నిజంగనే సప్పుడు చేస్తయానే ఇవి? గింత గింత ఉన్నయి" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళు ఒక్క కప్పు కింద ఉండి, సాంచాల రొదకు ఈ మనిషి చెవులు సన్న చప్పుళ్ళు పట్టడం మానేసిన సంగతి నాకు తెలియలేదు. పైగా రాయి అన్నాను. "చేస్తయి" అన్నాను, ముఖం తుడుచుకుని.

"ఎట్ల?"

పక్కన కూలబడి, ఆయన చెవికి నోరు ఆనించి, యాభై ఏళ్ళ దాన్ని, ఆ కూనల లాగే అరిచి చూపించాను. సన్నగా అరిస్తే లాభం లేదని రెండోసారి గొంతు పెంచాను.

"గట్లనా" అన్నాడు. కాసేపు వాటినే చూసి, "మల్లొక్కసారి అను" అన్నాడు.