మూత తీయని చేతులు

పొయ్యి మీద ఏది పెట్టినా నిమిషానికోసారి మూత తీసి చూడందే హాస్టల్ వంటావిడకు తోచదు. "మీ చెయ్యి ఊరుకోదు కదా అత్తయ్యా!" అని పక్కన కూరలు తరిగే కోడలు నవ్వేది.

ఆ రోజు బాణలిలో నూనె భగ్గున అంటుకుంది. కోడలు నీళ్ల బకెట్ అందుకోబోతే, "నీళ్లొద్దే!" అని అరిచింది అత్త. గోడకున్న ఎర్ర సంచిలోంచి మంటలార్పే ఫైర్ బ్లాంకెట్ లాగి, అంచులు చేతులకు చుట్టుకుని, చంటిపిల్లకు దుప్పటి కప్పినంత నెమ్మదిగా మంట మీద పరిచి, గ్యాస్ కట్టేసింది.

"ఆరిందేమో, ఎత్తి చూద్దామా?" అంది కోడలు.

"ముట్టుకోకు. వేడి తగ్గకముందే గాలి తగిలితే మళ్లీ లేస్తుంది."

బాణలి చల్లారేదాకా గంటసేపు ఆవిడ చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది. అవి ఊరుకోవడం కోడలు చూడటం అదే మొదటిసారి.